దంత చికిత్సలో రబ్బరు తెర

డ్యామ్ అనే మాట కడప జిల్లా వాసులకు కొత్తది కాదు. కమలాపురం సమీపంలో పాపఘ్ని వచ్చి పెన్నలో కలుస్తుంది. ఆ పెన్నకు ఎగువన, జమ్మలమడుగు దాపున, మైలవరం డ్యామ్ ఉన్నది. రబ్బరు డ్యామ్ అనే మాట కూడా కొందరు వినే ఉంటారు. ఉత్తరాంధ్రలోని జంఝావతి నదిపై 2006లో ప్రారంభమైన రబ్బరు డ్యామ్‌ను గురించి అప్పట్లో విశేషంగా చెప్పుకున్నారు. అయితే ఇదే పేరు గల మరో చిన్న వస్తువు కూడా ఉన్నది. దానికి ఏ నదితోనూ సంబంధం లేదు. ఒక్కో వైపు ఐదారు అంగుళాలు మాత్రమే ఉండే పలుచని రబ్బరు ముక్క అది. దంతవైద్యులు దానిని రోగి నోటికి అడ్డంగా, చికిత్స చేయవలసిన పన్ను మాత్రమే బయటికి కనిపించేలా అమర్చుతారు. పెద్ద డ్యామ్ చేసే పనినే ఇది కూడా చేస్తుంది. నీటిని ఉండవలసిన చోట ఉంచి, పోకూడని చోటికి పోనీయదు.

మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పన్ను నొప్పి పుట్టినవారు మొదట పంటి కింద లవంగం పెట్టుకుంటారు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తారు. ఆ తర్వాత మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొనుక్కుంటారు. ఇక ఆగలేని స్థితిలో కడపకో, ప్రొద్దుటూరుకో వెళ్ళి పన్ను పీకించుకుంటారు. ఇటీవలి దశాబ్దాలలో ఈ పద్ధతి కొంత మారింది. పిప్పి పన్నును పీకకుండానే బాగు చేసే చికిత్స, రూట్ కెనాల్ అని అందరూ పిలిచేది, సామాన్యులకు కూడా తెలిసింది. ఎంత ఖర్చవుతుంది, ఎన్నిసార్లు రావాలి, పైన తొడుగు వేయించాలా వద్దా అని రోగులు అడుగుతున్నారు. కానీ ఆ చికిత్స నిలుస్తుందా లేదా అన్నదానిలో ఎంతో పాత్ర వహించే ఈ రబ్బరు తెరను గురించి అడిగేవారు మాత్రం అరుదు. ఇది రోగి సుఖం కోసం అదనంగా చేసే ఏర్పాటు కాదు, చికిత్సలో ఒక భాగం. ఈ విషయాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉమ్మితో వచ్చిన చిక్కు

దంతాల శుభ్రతకు ఇస్లాం ఇచ్చిన ప్రాధాన్యం పాఠకులకు తెలిసినదే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మిస్వాక్‌ను ఎంతగానో ప్రోత్సహించారు. వుజూలో నోరు పుక్కిలించడం ప్రతి నమాజీకి నిత్యకృత్యం. ముస్లిం వైద్యులు కూడా దంత చికిత్సను చిన్నచూపు చూడలేదు. స్పెయిన్ దేశపు కొర్డోవా ప్రాంతంలో జీవించి 1013లో మరణించిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన ‘అల్ తస్రీఫ్’ గ్రంథాన్ని 30 భాగాలుగా రచించాడు. శస్త్రచికిత్సకు సంబంధించిన చివరి భాగంలో పంటి గారను గీకే పనిముట్లను బొమ్మలతో సహా చూపించాడు. కదిలే దంతాలను బంగారు తీగతో కట్టి నిలబెట్టే విధానాన్ని కూడా వివరించాడు.

అయితే పంటిలోని రంధ్రాన్ని పూడ్చే పని విస్తరించిన కొద్దీ ఒక చిక్కు ఎదురైంది. అదే ఉమ్మి. ఆరోగ్యవంతుని నోటిలో రోజుకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. అది దేవుడిచ్చిన వరమే. అన్నం మింగడానికి, పళ్ళను కాపాడటానికి అది లేకపోతే గడవదు. కానీ పంటికి మరమ్మతు చేసేటప్పుడు మాత్రం అది అడ్డంకిగా మారుతుంది. 19వ శతాబ్దంలో అమెరికా దంతవైద్యులు పిప్పి పళ్ళను పలుచని బంగారు రేకుతో పూడ్చేవారు. రేకు మీద రేకు పెట్టి చిన్న సుత్తితో కొడితే, రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టి ముద్దగా మారేవి. మధ్యలో కాస్త తడి తగిలినా రేకులు అతుక్కునేవి కావు, గంటల శ్రమ వృథా అయ్యేది. దూది, గుడ్డ, అద్దుడు కాగితం వంటివన్నీ వాడి చూశారు. కింది దవడ పళ్ళ చుట్టూ ఊరే ఉమ్మికి అవేవీ చాలలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటిసెల్లో అనే ఊరిలో శాన్‌ఫర్డ్ క్రిస్టీ బార్నమ్ అనే యువ దంతవైద్యుడు ఉండేవాడు. 1864 మార్చి 15న ఆయన ఒక రోగికి చికిత్స చేస్తూ, ఉమ్మితో విసిగిపోయి, తడి అంటకుండా వాడే మైనపు గుడ్డకు రంధ్రం చేసి పంటికి తొడిగాడని చెప్పుకుంటారు. పన్ను పొడిగా నిలిచింది. తర్వాత ఆ గుడ్డ స్థానంలో పలుచని రబ్బరు వచ్చింది. అందుకు వీలు కలిగించినది చార్లెస్ గుడియర్ 1839లో కనిపెట్టిన విధానం. పచ్చి రబ్బరు ఎండకు జిగటగా, చలికి పెళుసుగా మారేది. దానిని గంధకంతో కలిపి వేడి చేస్తే సాగే గుణం నిలిచిపోతుందని గుడియర్ గ్రహించాడు. ఆ రబ్బరే లేకపోతే బార్నమ్ ఆలోచన ఎక్కువ దూరం సాగేది కాదు.

బార్నమ్ తాను కనిపెట్టిన దానికి వెల కట్టలేదు. దానిని తన వృత్తిలోని వారందరికీ ఉచితంగా తెలియజేశాడు. 1882 నాటికి రబ్బరుకు చక్కని గుండ్రటి రంధ్రాలు చేసే పనిముట్టు, పంటికి పట్టుకునే రకరకాల లోహపు పట్లు మార్కెట్టులోకి వచ్చాయి. ఆ వస్తువుల రూపం నేటికీ పెద్దగా మారలేదు. మానవాళికి మేలు చేసే విద్యను దాచుకోకుండా పంచినవాని పేరు ఒకటిన్నర శతాబ్దం దాటినా నిలిచి ఉండటంలో ఆశ్చర్యం లేదు.

తెరను అమర్చే విధానం

ఈ సామగ్రిలో ముఖ్యమైనవి నాలుగు: రబ్బరు తెర, దానికి రంధ్రం చేసే పంచ్, పంటిని పట్టుకునే క్లాంప్ అనే చిన్న లోహపు పట్టు, తెరను లాగి ఉంచే చట్రం. తెర మందం 0.15 మిల్లీమీటరు మొదలు 0.35 మిల్లీమీటరు వరకు పలు రకాలుగా దొరుకుతుంది. ఎక్కువగా నీలం, ఆకుపచ్చ వంటి ముదురు రంగుల్లో ఉంటుంది. అందుచేత తెల్లని పన్ను దాని ముందు స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా వైద్యుడు పన్ను చుట్టూ మొద్దుబారే మందు ఇస్తాడు. క్లాంప్ చిగురును కొంచెం నొక్కుతుంది కాబట్టి ఇది అవసరం. తర్వాత తెరలో పంటికి సరిపడే రంధ్రం చేస్తాడు. క్లాంప్‌కు సన్నని దారం కట్టి, ఆ దారపు కొసను నోటి బయట వదులుతాడు. క్లాంప్ జారినా, విరిగినా గొంతులోకి పోకుండా దారం పట్టుకుని తీయవచ్చు. పంటి మెడ దగ్గర క్లాంప్ బిగించి, రబ్బరును దాని మీదుగా సాగదీస్తే, రబ్బరు పంటి మెడను గట్టిగా చుట్టుకుంటుంది. పక్క పళ్ళ సందుల్లోకి రబ్బరును దారంతో దించి, చట్రానికి నాలుగు వైపులా తగిలిస్తాడు. చేయి తిరిగిన వైద్యునికి ఇదంతా కొద్ది నిమిషాల పని.

ఇప్పుడు రోగి నాలుక, పెదవులు, గొంతు తెరకు వెనుక ఉన్నాయి. చికిత్స జరిగే పన్ను మాత్రం తెరకు ముందున్నది. రోగి ముక్కుతో ఊపిరి పీలుస్తాడు. వెనుక ఊరే ఉమ్మిని ఎప్పటిలా మింగవచ్చు, లేదా ఒక మూల నుండి పెట్టిన గొట్టం దానిని లాగేస్తుంది. మొదటిసారి కొందరికి ఇది కొత్తగా, కొంచెం బెరుకుగా ఉంటుంది. అయితే నోటిలో నీళ్ళు నిండి ఉక్కిరిబిక్కిరి అయ్యే బాధ, మాటిమాటికీ లేచి ఉమ్మివేయవలసిన అవసరం లేకపోవడం వల్ల చాలామంది కొద్దిసేపటికే కుదుటపడతారు.

పన్ను లోపలి కాలువను శుభ్రం చేయడం

పన్ను చూడడానికి రాయిలా ఉన్నా దాని లోపల నరాలు, రక్తనాళాలు గల మెత్తని గుజ్జు ఉంటుంది. పిప్పి లోతుకు దిగి ఆ గుజ్జును చేరితే నొప్పి పుడుతుంది. గుజ్జు చచ్చి కుళ్ళితే వేరు కొసన చీము చేరుతుంది. రూట్ కెనాల్ అంటే ఆ కుళ్ళిన గుజ్జును తీసివేసి, వేరు లోపలి సన్నని కాలువను శుభ్రపరచి, మళ్ళీ క్రిములు చొరబడకుండా గట్టిగా పూడ్చివేయడం.

గుజ్జును నిజంగా చంపేది ఏమిటన్న ప్రశ్నకు 1965లో స్పష్టమైన సమాధానం లభించింది. అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు ఎలుకల దవడ పళ్ళకు రంధ్రం చేసి, గుజ్జును బయటపెట్టి అలాగే వదిలేశారు. వాటిలో కొన్ని మామూలు ఎలుకలు. మరికొన్ని పుట్టినది మొదలు ఏ సూక్ష్మక్రిమీ సోకకుండా పెంచినవి. మామూలు ఎలుకల పళ్ళలో గుజ్జు కుళ్ళి చీము పట్టింది. క్రిములు లేని ఎలుకల పళ్ళలో ఆహారం ఇరుక్కున్నా గుజ్జు చావలేదు సరికదా, గాయం మీద కొత్త గట్టి పొర కూడా ఏర్పడింది. గాయం ఒకటే, ఫలితాలు రెండు. తేడా అంతా నోటిలోని క్రిముల వల్లనే వచ్చింది.

దీనిని బట్టి రూట్ కెనాల్ చికిత్స సారమంతా కాలువలో క్రిములు లేకుండా చేయడమే అని తెలుస్తుంది. కాగా ఒక మిల్లీలీటరు ఉమ్మిలో సుమారు పది కోట్ల క్రిములు ఉంటాయి. వైద్యుడు గంటసేపు శ్రమించి కాలువను శుభ్రం చేసిన తర్వాత, పూడ్చడానికి ముందు ఒక్క బొట్టు ఉమ్మి లోనికి జారితే ఏమవుతుంది? బావి పూడిక తీసి, వెంటనే మురికి కాలువను అందులోకి మళ్ళించినట్లవుతుంది. అలాంటి పన్ను కొన్ని నెలలు ఊరుకుని, తర్వాత మళ్ళీ నొప్పి పెట్టవచ్చు. రోగి మాత్రం చికిత్స వల్ల లాభం లేదని, పన్ను పీకించుకోవడమే మేలని నిర్ణయించుకుంటాడు. ఆ మాటే పది మందికీ చెబుతాడు. తప్పు చికిత్సది కాదు, దానిని కాపాడవలసిన తెర లేకపోవడానిది కావచ్చు.

అనుభవం కూడా దీనినే సూచిస్తున్నది. తైవాన్ దేశపు జాతీయ ఆరోగ్య బీమా రికార్డుల నుండి 5 లక్షలకు పైగా పళ్ళ వివరాలను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం ప్రకటించారు. రూట్ కెనాల్ జరిగిన సుమారు మూడున్నర సంవత్సరాలకు, తెర వాడిన పళ్ళలో 90.3 శాతం నిలిచి ఉండగా, వాడని పళ్ళలో 88.8 శాతం నిలిచాయి. తేడా నూటికి ఒకటిన్నర. చూడడానికి ఇది చిన్నదే. కానీ లక్ష మందికి లెక్కవేస్తే పదిహేను వందల పళ్ళు. పీకిన పన్ను తిరిగి మొలవదు.

పంటి రంగులో ఉండే మందుతో పన్ను పూడ్చేటప్పుడు కూడా తెరకు ప్రాధాన్యం ఉన్నది. ఈ మందు పంటికి అంటుకోవాలంటే పంటి పైపొరను ముందుగా ఆమ్లంతో కొద్దిగా గరుకుగా చేస్తారు. ఆ గరుకు మీద ఉమ్మి పడితే అతుకు బలహీనమవుతుంది. అయితే ఈ విషయంలో ఇంతవరకు జరిగిన పరిశోధనలు అంత బలమైనవి కావని, తెర వల్ల కొంత మేలు ఉండవచ్చునని 2016లోనూ, తిరిగి 2021లోనూ వెలువడిన కాక్రేన్ సమీక్షలు తెలిపాయి. మామూలు పూడికకు దూది చుట్టలతో సరిపెట్టే వైద్యుణ్ణి తప్పు పట్టనక్కరలేదు. రూట్ కెనాల్ సంగతి వేరు. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఆ చికిత్సా నిపుణుల సంఘాలు రబ్బరు తెరను తప్పనిసరి పద్ధతిగా పరిగణిస్తున్నాయి.

గొంతులోకి జారేవి

తెర అవసరాన్ని తెలిపే మరో కారణం క్రిముల కంటే సులభంగా అర్థమవుతుంది. రూట్ కెనాల్‌లో వాడే ఫైళ్ళు సూదుల వంటివి. వాటి పొడవు 21 మొదలు 31 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. వైద్యుడు వాటిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పుతాడు. చేతి తొడుగులు తడిగా ఉంటాయి. రోగి వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఫైలు వేలి నుండి జారితే అది పోయే దారి గొంతే.

జారిన వస్తువు కడుపులోకి పోతే చాలాసార్లు తనంతట తానే బయటికి వచ్చేస్తుంది. అయినా ఎక్స్‌రేలు తీయించుకుంటూ, ఎక్కడ గుచ్చుకుంటుందోనని రోజుల తరబడి భయపడవలసి వస్తుంది. అదే శ్వాసనాళంలోకి పోతే ప్రాణాపాయం. గొట్టం ద్వారా ఊపిరితిత్తుల్లోకి చూసి తీసే పెద్దాసుపత్రికి రోగిని పరుగున తీసుకుపోవాలి. కమలాపురం వంటి చోట్ల నుండి అటువంటి ఆసుపత్రికి చేరడానికి ఎంత కాలం పడుతుందో ఊహించుకోవచ్చు. తెర ఉంటే జారిన ఫైలు తెర మీదే పడుతుంది. వైద్యుడు దానిని తీసుకుని పని కొనసాగిస్తాడు. ఇందుకు ఏ పరిశోధన ఫలితాల కోసమూ ఎదురు చూడవలసిన పనిలేదు.

కాలువను కడిగే మందు సంగతి కూడా ఇటువంటిదే. దీనికి ఎక్కువగా సోడియం హైపోక్లోరైట్ ద్రావణం వాడతారు. బట్టల మరకలు పోగొట్టే బ్లీచింగ్ ద్రావణం కూడా ఈ జాతికి చెందినదే. అది క్రిములను చంపుతుంది, చచ్చిన గుజ్జును కరిగిస్తుంది. అందుకే కాలువలో అది మంచి మందు. నాలుక మీద, గొంతులో పడితే మాత్రం భరించలేని రుచి, మంట, పుండు. తెర మందును కాలువ వరకే పరిమితం చేస్తుంది.

ఇక గిర్రున తిరిగే మిషను సంగతి. 1957 నుండి వాడుకలోకి వచ్చిన గాలి మిషను నిమిషానికి 3 లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది. పన్ను వేడెక్కకుండా దాని మీద నీళ్ళు చిమ్ముతూ ఉండాలి. ఆ నీరు ఉమ్మితో కలిసి, సన్నని తుంపరగా గదంతా వ్యాపిస్తుంది. తెర ఉమ్మిని వెనుకనే ఆపుతుంది కాబట్టి తుంపరలో క్రిములు బాగా తగ్గుతాయి. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు దంతవైద్యులకు ఇచ్చిన సూచనలలో రబ్బరు తెర వాడకం ప్రముఖంగా కనిపించడానికి కారణం ఇదే. ఆ విధంగా ఈ తెర రోగికే గాక వైద్యునికీ, ఆయన సహాయకులకూ, తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయే వారికీ రక్షణ అవుతున్నది.

ఉపవాసం ఉన్నవారి సమస్య

రమజాన్ నెలలో పన్ను నొప్పి వచ్చినవారు ఒక సందిగ్ధంలో పడతారు. చికిత్సకు వెళ్తే నీళ్ళు గొంతులోకి పోయి రోజా భంగమవుతుందేమోనని భయం. వెళ్ళకపోతే నొప్పి. ఆ నెలంతా మాత్రలతో గడిపి, పండుగ తర్వాత చూసుకుందామని వాయిదా వేసి, చివరకు పన్నునే పోగొట్టుకునేవారు ఉన్నారు.

ఈ ప్రశ్నను ధర్మవేత్తలు చర్చించారు. 1997లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 10వ సమావేశం, వైద్య విషయాలలో ఉపవాసాన్ని భంగపరచనివి ఏవో ఒక తీర్మానంలో పేర్కొన్నది. పన్ను తొలచడం, పీకడం, పళ్ళు శుభ్రం చేయడం, మిస్వాక్ లేదా బ్రష్ వాడటం వాటిలో ఉన్నాయి. అయితే గొంతు వరకు చేరినదానిని మింగకుండా ఉండాలన్నది షరతు. పోషకాలు లేని సూది మందులు కూడా ఉపవాసాన్ని భంగపరచని వాటి జాబితాలోనే ఉన్నాయి.

షరతు ఎక్కడ ఉన్నదో గమనించాలి. పన్ను తొలవడం సమస్య కాదు, మింగడమే సమస్య. వుజూలో పుక్కిలించేటప్పుడు పొరపాటున నీరు గొంతు దిగితే, రోజా గుర్తున్న స్థితిలో అది భంగమై, దాని బదులు మరో రోజు ఉపవాసం ఉండవలసి వస్తుందని హనఫీ ధర్మవేత్తలు అంటారు. పొరపాటు క్షమించదగినదే అయినా లెక్క తప్పదన్నమాట. వెల్లకిలా పడుకున్న మనిషి నోటిలోకి మిషను నీళ్ళు చిమ్ముతూ ఉంటే, ఎంత జాగ్రత్తపడినా ఒక గుక్క జారకుండా ఆపడం కష్టం. రబ్బరు తెర సరిగా అమరి ఉంటే ఆ నీరు, మందు, పంటి పొడి తెరకు ముందే ఆగిపోతాయి. వెనుక ఊరేది రోగి సొంత ఉమ్మి మాత్రమే. దానిని మింగడం వల్ల రోజాకు భంగం లేదు.

అయినా తెర ఉన్నదన్న ధీమాతో అజాగ్రత్త పనికిరాదు. తెర అంచు నుండి ఒక్కోసారి నీరు కారుతుంది. పన్ను పీకేటప్పుడు, చిగుళ్ళ చికిత్సలో దీనిని వాడరు. అందువల్ల ఆగగలిగిన చికిత్సను ఇఫ్తార్ తర్వాతి వేళకు గానీ, రమజాన్ తర్వాతకు గానీ పెట్టుకోవడం మంచిది. ఆగలేనిదాన్ని ఆపకూడదు. ముఖం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడమో మింగడమో కష్టమైతే ఒక్క పూట కూడా ఆలస్యం తగదు. పంటి చీము మెడలోకి దిగితే ఊపిరికే ప్రమాదం. రోగికి ఉపవాసాన్ని మరో దినానికి వాయిదా వేసుకునే సౌలభ్యాన్ని దివ్యఖుర్ఆన్ స్వయంగా ప్రసాదించింది. తమ విషయంలో సందేహం ఉన్నవారు తమ ప్రాంతపు ఆలిమ్‌ను, వైద్యుణ్ణి ఇద్దరినీ సంప్రదించి నడుచుకోవాలి.

వాడకపోవడానికి చెప్పే కారణాలు

ఇంత ఉపయోగం ఉన్న వస్తువు ప్రతి దంతవైద్యశాలలోనూ ఎందుకు కనిపించదు? మనదేశంలో జరిగిన పలు సర్వేలలో సాధారణ దంతవైద్యులలో దీనిని క్రమం తప్పకుండా వాడేవారు తక్కువని తేలింది. ఇతర దేశాల్లోనూ ఈ ఫిర్యాదు ఉన్నది.

చదువు లేక కాదు. మనదేశంలో మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో స్థాపించినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పట్టా పొంది, స్వదేశానికి వచ్చి తన ప్రాక్టీసుతో పాటు బోధన ప్రారంభించారు. 1964లో ఆయనకు పద్మభూషణ్ లభించింది. ఆయన జన్మదినమైన డిసెంబరు 24ను జాతీయ దంతవైద్యుల దినంగా జరుపుకుంటున్నారు. ఆ మొదటి కళాశాల తర్వాత దేశమంతటా కళాశాలలు వెలిశాయి. కడపలోనే ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. రబ్బరు తెర అమర్చడం విద్యార్థులు నేర్వవలసిన పాఠాలలో ఒకటి.

సాధారణంగా చెప్పే కారణాలు మూడు. మొదటిది సమయం. వరండాలో పదిమంది కూర్చుని ఉంటే ఐదు నిమిషాలు కూడా భారమే. కానీ తెర పెట్టాక మాటిమాటికీ ఆగి దూది మార్చడం, రోగిని ఉమ్మివేయించడం ఉండదు కాబట్టి పోయిన నిమిషాలు తిరిగి వస్తాయి. రెండవది ఖర్చు. ఒక్కో తెరను ఒకసారి వాడి పారేయవలసిందే అయినా, రూట్ కెనాల్‌కు రోగి చెల్లించే మొత్తంలో దాని వెల స్వల్పభాగం. మూడవది రోగి ఒప్పుకోడన్నది. ముందుగా రెండు మాటలు వివరిస్తే ఒప్పుకోనివారు తక్కువే. తెలియని వస్తువును హఠాత్తుగా ముఖాన కప్పితే ఎవరైనా బెదురుతారు.

నిజమైన అడ్డంకులు కూడా కొన్ని ఉన్నాయి. కొందరికి రబ్బరు పాలు పడవు. చర్మంపై దద్దుర్లు లేస్తాయి, అరుదుగా ఊపిరాడని ప్రమాదం కూడా వస్తుంది. అటువంటివారి కోసం రబ్బరు పాలు కలవని తెరలు వేరుగా దొరుకుతాయి. జలుబుతో ముక్కు పూర్తిగా మూసుకుపోయినవారు, తీవ్రమైన ఉబ్బసం గలవారు తెరతో ఇబ్బంది పడవచ్చు. సగమే మొలిచిన పంటికి, బాగా విరిగి చిగురు కింద మాత్రమే మిగిలిన పంటికి క్లాంప్ పట్టదు. అటువంటప్పుడు విరిగిన భాగాన్ని ముందుగా కొంత కట్టి, ఆ తర్వాత తెర అమర్చే ఉపాయాలు నిపుణులకు తెలుసు.

రోగి బాధ్యత

వైద్యునిపై విశ్వాసం ఉంచడం రోగి ధర్మం. అంతమాత్రాన నోరు మెదపకుండా ఉండాలని కాదు. బట్టల దుకాణంలో గజం బట్టకు నాలుగు ప్రశ్నలు వేసే మనం, శరీరంలోని ఒక అవయవం విషయంలో ఒక ప్రశ్న వేయడానికి సంకోచిస్తాం. రూట్ కెనాల్ చేయించుకోబోయేవారు ముందుగానే, మర్యాదగా, “సార్, రబ్బర్ డ్యామ్ పెట్టి చేస్తారా?” అని అడగవచ్చు. నిజాయితీ గల వైద్యుడు ఈ ప్రశ్నకు కోపగించుకోడు. పెడతానంటాడు, లేదా ఆ పంటికి ఎందుకు వీలుపడదో చెబుతాడు. వీలుపడకపోతే గొంతుకు ఏ కాపు పెడతారో, ఫైళ్ళకు దారం కడతారో లేదో అడగడం కూడా తప్పు కాదు.

అలాగే రోగి తన వంతుగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. బెలూన్లు ఊదినప్పుడు, రబ్బరు తొడుగులు వేసుకున్నప్పుడు దురద పుడుతుందా, ఉబ్బసం ఉన్నదా, ముక్కుతో ఊపిరి సరిగా ఆడుతుందా అన్నది దాచకుండా చెప్పాలి. రోజా ఉంటే ఆ సంగతీ చెప్పాలి. తెర పెట్టిన తర్వాత మాట్లాడలేరు కాబట్టి, ఇబ్బంది కలిగితే చేయి ఎత్తుతానని ముందే అనుకోవాలి. పిల్లలను తీసుకువెళ్ళే తల్లిదండ్రులు ఇంటి వద్దనే, పంటికి గొడుగు వేస్తారని నవ్వుతూ చెప్పి సిద్ధం చేస్తే పిల్లలు బెదరరు.

శరీరం మనిషికి దేవుడు అప్పగించిన అమానత్ అని ముస్లింలు విశ్వసిస్తారు. ఆ అమానత్ కొద్దిసేపు వైద్యుని చేతికి వెళ్తుంది. దానిని కాపాడే బాధ్యత ఆ కొద్దిసేపు ఇద్దరిదీ. పన్ను ఒకటి పోతే ఏమవుతుందని కొట్టివేయడం తేలిక. రొట్టె నమలలేక, మాట స్పష్టంగా పలకలేక అవస్థపడే వృద్ధులు ఏ ఇంట్లో అయినా కనిపిస్తారు. వారిలో ఎందరో తమ యౌవనంలో, బాగు చేయగలిగిన పళ్ళను పీకించుకున్నవారే. నేడు బాగు చేసే విద్య మన జిల్లా కేంద్రంలోనే అందుబాటులో ఉన్నది. ఆ విద్య ఫలించడానికి ఆరంగుళాల రబ్బరు ముక్క, కొద్ది నిమిషాల ఓపిక, ముందుగా అడిగే ఒక్క ప్రశ్న ఎంతో తోడ్పడతాయి.